అయిదు ఓటీటీలకు చందా కడుతున్నాం, ఒక్క పాత సినిమా దొరకడం లేదు: మన ఎంపిక పెరిగిందా, తగ్గిందా?

కృష్ణలంక_వాసి
మా ఇంట్లో ప్రస్తుతం అయిదు ఓటీటీ చందాలు నడుస్తున్నాయి. రెండింటికి నేను కడుతున్నాను, ఒకటి మా తమ్ముడి ఫోను రీఛార్జితో పాటు వచ్చింది, ఒకటి ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్ళు అంటగట్టారు, అయిదోది ఎవరు ఎందుకు తీసుకున్నారో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు కాని నెల నెలా డబ్బు మాత్రం పోతోంది. మొన్న ఆదివారం నాన్నగారు తమ కాలేజీ రోజుల నాటి ఒక నలుపు తెలుపు సినిమా చూడాలన్నారు. ఆరు నెలల క్రితం ఆ సినిమాను నేనే ఒక యాప్‌లో తర్వాత చూడవలసిన వాటి జాబితాలో పెట్టి ఉంచాను. ఇప్పుడు తెరిస్తే దాని జాడ లేదు. తీసేస్తున్నామని ఒక్క మాట కూడా చెప్పలేదు. మిగిలిన నాలుగింట్లోనూ వెతికాను. పేరు కొట్టినప్పుడల్లా దానికి బదులుగా నాకు నచ్చుతాయంటూ హత్యల సిరీస్‌లు నాలుగు చూపించారు. నలభై నిమిషాలు వెతికిన తరువాత నాన్నగారు, "పోనీలేరా, వార్తలు పెట్టు" అన్నారు.

నా ప్రశ్న ఇది. ఇంత డబ్బు కట్టిన తరువాత మనం చూడగలిగే వాటిలో మన ఎంపిక నిజంగా పెరిగిందా, లేక ఎవరో వడ్డించిన విస్తరి ముందు కూర్చోవడమే ఎంపిక అనుకుంటున్నామా? వస్తున్న వాటి నాణ్యత మాటేమిటి? మీ ఇళ్ళలో పరిస్థితి ఎలా ఉందో చెప్పండి.

గోదారి_గట్టు
ఆ అయిదో చందా మా ఇంట్లోనూ ఉంది. మా అబ్బాయి ఒక క్రికెట్ మ్యాచ్ చూడటానికి తీసుకున్నాడు. వాన పడి మ్యాచ్ రద్దయింది, చందా మాత్రం రద్దు కాలేదు.

చందా_లెక్కలు
ఎంపిక అనే మాట వినగానే నాకు 2019 ఫిబ్రవరి 1 గుర్తుకు వస్తుంది. ఆ రోజు నుంచి కేబుల్ టీవీకి టెలికాం, కేబుల్ నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ అమలు చేసింది. కనెక్షన్‌కు 130 రూపాయలు, పన్నుతో కలిపి 153 రూపాయల చిల్లర, దానిపైన మీకు నచ్చిన ఛానెల్‌కు మాత్రమే విడిగా కట్టుకోండి అన్నారు. కాగితం మీద అంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు. జరిగిందేమిటంటే, విడిగా కొంటే ఛానెళ్ళు ఖరీదు, గుత్తగా కొంటే చవక అనేలా ధరలు పెట్టారు. దానితో అందరం మళ్ళీ గుత్తకే వెళ్ళాం. మా వీధి కేబుల్ అబ్బాయి ఒక ఫారం ఇచ్చి టిక్కులు పెట్టమన్నాడు. మా అమ్మగారు ఓపికగా పదకొండు ఛానెళ్ళకు టిక్కు పెట్టి ఇచ్చారు, వారం తరువాత వాళ్ళ ప్యాకేజీయే వచ్చింది.

అందుచేత ఓటీటీలో కొత్తగా జరుగుతున్నదేమీ లేదని నా అభిప్రాయం. మనకు కావలసింది ఒక సినిమా, వాళ్ళు అమ్మేది ఒక గోదాము తాళంచెవి. గోదాములో మన సినిమా ఎన్నాళ్ళు ఉంటుందన్నది వాళ్ళకూ హక్కుదారుకూ మధ్య ఉన్న ఒప్పందం. ఆ ఒప్పందం గడువు ఎప్పుడు ముగుస్తుందో చందా కట్టేటప్పుడు మనకు ఎవరూ చెప్పరు. కృష్ణలంక_వాసి గారి నాన్నగారి విషయంలో జరిగినది అదే అయి ఉంటుంది.

పటమట_పప్పుచారు
గోదాము అద్దె కూడా ప్రతి ఏడూ పెంచుతూనే ఉన్నారు కదా. ఒక్కరైనా తగ్గించిన పాపాన పోయారా?

చందా_లెక్కలు
తగ్గించారు. 2021 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో మొబైల్ ప్లాన్‌ను 199 నుంచి 149కి, బేసిక్ ప్లాన్‌ను 499 నుంచి ఏకంగా 199కి తగ్గించింది. విచిత్రమేమిటంటే అదే నెలలో అమెజాన్ ప్రైమ్ వార్షిక చందాను 999 నుంచి 1,499కి పెంచింది. 2016లో అది 499తో మొదలైందని గుర్తున్నవాళ్ళకు అది బాగానే తగిలింది. కాబట్టి అందరూ పెంచుతూనే ఉన్నారన్నది పూర్తిగా నిజం కాదు. ఒకరు ఎక్కువతో మొదలుపెట్టి మన జేబు చూసి కిందికి దిగారు, ఒకరు తక్కువతో అలవాటు చేసి పైకి ఎక్కారు.

ధర ఒక్కటే చూస్తే మోసపోతాం. 2023 జులై నుంచి నెట్‌ఫ్లిక్స్ ఒక ఇంటి ఖాతాను మరో ఇంట్లో వాడనివ్వడం లేదు. 2025 జూన్ 17 నుంచి ప్రైమ్ వీడియోలో ప్రకటనలు మొదలయ్యాయి, అవి వద్దనుకుంటే నెలకు 129 లేదా ఏడాదికి 699 అదనంగా కట్టాలన్నారు. అంటే నిన్నటి దాకా చందాలోనే ఉన్న సౌకర్యాన్ని విడదీసి దానికి వేరే రేటు కట్టారు.

గోదారి_గట్టు
ప్రకటనలు వద్దనే కదా టీవీ మానేసి ఇటు వచ్చాం. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డామన్నమాట, అది కూడా టికెట్టు కొనుక్కుని.

ప్రొజెక్టర్_గది
మాది తెనాలి దగ్గర ఒక చిన్న సింగిల్ స్క్రీన్ హాలు. మా పెదనాన్నగారు కట్టారు, నేను పదిహేనేళ్ళు అందులో పని చేశాను. ఇప్పుడు దానిలో పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి. అందుచేత నా మాటల్లో కొంత చేదు ఉంటే మన్నించండి.

మీరందరూ చందా కట్టేవారి ఎంపిక గురించి మాట్లాడుతున్నారు. మా ఊళ్ళో చందా కట్టలేనివారికి, పెద్ద తెర మీదనే చూడాలనుకునేవారికి ఉన్న ఒకే ఒక ఎంపిక పోయింది. 2021లో వినాయక చవితికి 'టక్ జగదీష్' హాలుకు రాకుండా నేరుగా ఓటీటీలో వచ్చినప్పుడు థియేటర్ల యజమానులు బహిరంగంగానే ఆక్షేపించారు. అదే ఏడాది 'నారప్ప', 'దృశ్యం 2' కూడా అలాగే వెళ్ళాయి. కోవిడ్ కాలం కదా, నిర్మాత మాత్రం ఏం చేస్తాడని సర్దుకున్నాం. 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలే షూటింగులు ఆపి కూర్చుని, సినిమా విడుదలైన ఎనిమిది వారాల తరువాతనే ఓటీటీకి ఇవ్వాలని తీర్మానించుకున్నారు. ఆ తీర్మానాన్ని ఎంతమంది పాటించారో మీకు తెలుసు. నాలుగు వారాలే రివాజు అయింది. ఉత్తరాదిలో మల్టీప్లెక్సుల వాళ్ళు ఎనిమిది వారాలు ఆగకపోతే హిందీ సినిమాకు తెర ఇవ్వమని భీష్మించుకు కూర్చున్నారు, వాళ్ళకు ఆ బలం ఉంది. ఒంటి తెర హాలు యజమానికి ఆ బలం ఎక్కడిది?

నాలుగు వారాల్లో ఇంట్లోనే చూడవచ్చని తెలిసిన కుటుంబం, నలుగురికి టికెట్లు, పార్కింగు, పాప్‌కార్న్ లెక్క వేసుకుని ఆగిపోతుంది. వాళ్ళను తప్పు పట్టను. కాని 2024 మే 17 నుంచి తెలంగాణలో సింగిల్ స్క్రీన్ హాళ్ళు పది రోజులు మూసుకోవలసి వచ్చింది. ఎన్నికలు, ఐపీఎల్, సరైన సినిమా లేకపోవడం, అన్నీ కలిశాయి. 2025లో హాలుకు అద్దె ఇచ్చే పద్ధతి వద్దు, వసూళ్ళలో పర్సంటేజీ ఇవ్వండి, లేకపోతే జూన్ 1 నుంచి మూసేస్తామని రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు, అంటే హాళ్ళవాళ్ళు, అనేదాకా వెళ్ళింది. ఇళ్ళలో తెరలు పెరిగాయి, ఊళ్ళో తెర ఆరిపోయింది. దీనిని ఎంపిక పెరగడం అని నేను అనలేను.

సబ్‌టైటిల్_సుబ్బి
ప్రొజెక్టర్_గది గారి బాధ అర్థమైంది, కాని ఆ హాలులో ఎవరికి ఎంపిక ఉండేదో కూడా చెప్పుకోవాలి. మాది నరసరావుపేట. మా ఊళ్ళో ఏ హాలులో ఏ సినిమా ఆడాలో పంపిణీదారులు తేల్చేవారు, పండగ వస్తే మూడు హాళ్ళలోనూ ఒకే హీరో. రెండో ఆటకు ఆడవాళ్ళు వెళ్ళే వీలు లేదు, మొదటి ఆటకు వెళ్ళాలంటే వంట ముగించి, ఇంట్లో ఒకరిని వెంట తీసుకుని వెళ్ళాలి. మా అత్తగారు మోకాళ్ళ నొప్పులతో హాలు మెట్లు ఎక్కి పన్నెండేళ్ళు దాటింది. ఆవిడ ఈ రోజు మలయాళం సినిమాలు తెలుగు డబ్బింగులో చూసి, ఫలానా నటుడు బాగా చేశాడని నాతో వాదిస్తున్నారు. అరవై ఎనిమిదో ఏట ఆవిడకు దొరికిన ఎంపికను ఎలా కొట్టిపారేస్తాం?

నాణ్యత గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2020 అక్టోబరులో 'కలర్ ఫొటో' నేరుగా ఆహా ఓటీటీలో వచ్చింది. దానికే 68వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రం పురస్కారం దక్కింది. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'సినిమా బండి'లో అందరికీ తెలిసిన తార ఒక్కరూ లేరు. ఆ సినిమాలకు మీ హాలులో ఎన్ని ఆటలు ఇచ్చేవారు? నిజం చెప్పండి.

ప్రొజెక్టర్_గది
నిజమే చెబుతాను. రెండు రోజులు ఉదయం ఆట ఇచ్చి తీసేసేవాళ్ళం.

మెతుకుసీమ_ముచ్చట
మీ ఇద్దరి మధ్య 'బలగం' సినిమాను పెడతాను. 2023 మార్చి 3న హాళ్ళలో విడుదలైంది, మార్చి 24కే ప్రైమ్‌లోకి వచ్చింది. మూడు వారాలు. ప్రొజెక్టర్_గది గారి లెక్క ప్రకారం అక్కడితో హాలు పని అయిపోవాలి. కాని మా మెదక్ వైపు జరిగింది వేరు. ఊరి నడుమ తెర కట్టి, జనం చాపలు పరుచుకుని కూర్చుని అందరూ కలిసి చూశారు. ఆ ప్రదర్శనలకు హక్కులు ఉన్నాయా లేవా అన్న గొడవ వేరే నడిచింది, అది న్యాయమే. నేను చెప్పేదేమిటంటే, ఫోనులో దొరికే సినిమానే జనం మళ్ళీ నలుగురితో కలిసి చూడాలనుకున్నారు. మా చిన్నమ్మ ఫోనులో ఒకసారి చూసి, ఊరి తెర మీద రెండోసారి చూసి, రెండు చోట్లా ఏడ్చింది.

ఇంకో విషయం ఉంది. మా యాస ఇన్నేళ్ళూ తెర మీద విలన్ పక్కన ఉండేవాడికో, నవ్వించేవాడికో మాత్రమే దక్కేది. ఆ పరిస్థితి మారడంలో ఓటీటీల పాత్ర ఎంతో కొంత ఉన్నదని నేను అనుకుంటాను.

పటమట_పప్పుచారు
యాసను గౌరవించిన మాట నిజమే, కాని బూతును అంతకంటే ఎక్కువ గౌరవించారు. వెంకటేష్ గారు ఉన్నారు కదా అని 'రానా నాయుడు' సిరీస్‌ను 2023లో మా ఇంటిల్లిపాదీ కలిసి పెట్టుకున్నాం. మొదటి పావుగంటలో మా నాన్నగారు మంచినీళ్ళకు లేచారు, మా అమ్మ పొయ్యి మీద ఏదో పెట్టానంది, చివరికి నేనొక్కడినే మిగిలి సిగ్గుతో రిమోట్ వెతికాను. పదహారేళ్ళు, పద్దెనిమిదేళ్ళు అని ఒక మూల చిన్న అక్షరాల్లో వేస్తారు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఆ వర్గీకరణ వాళ్ళకు వాళ్ళే చేసుకుంటారు, సెన్సార్ బోర్డు చూడదు.

సబ్‌టైటిల్_సుబ్బి
మంచినీళ్ళకు లేవడం మన కుటుంబాల అసలైన సెన్సార్ బోర్డు. దానికి మించిన వర్గీకరణ లేదు.

రాతగాడు
నేను రెండు వెబ్ సిరీస్‌ల రచనా బృందంలో పని చేశాను, ఏ సంస్థలకో చెప్పను. నాణ్యత ఎలా మారుతుందో లోపలి నుంచి చూసినవాడిగా కొంత చెప్పగలను.

మా మొదటి కథ గోదావరి జిల్లాలో ఒక పాత మునసబు గారి ఇంటి పంపకాల గొడవ. నలుగురు అన్నదమ్ములు, ఒక కొబ్బరితోట, తోటలోకి వెళ్ళే దారి ఎవరి వాటాలోకి వస్తుందన్న తగాదా. రెండు గంటల్లో చెప్పవలసిన కథ. ఆరు భాగాలు చేయమన్నారు, చేశాం. ప్రతి భాగం చివర ఒక మలుపు ఉండాలన్నారు, పెట్టాం. మొదటి పది నిమిషాల్లో ప్రేక్షకుడు బయటికి వెళ్ళిపోతే లెక్కల్లో తెలిసిపోతుంది కాబట్టి అక్కడ ఏదైనా గట్టిగా పడాలన్నారు. చివరికి ఒకాయన ఎంతో మర్యాదగా, "తోటలో ఒక శవం ఉంటే బాగుంటుందేమో ఆలోచించండి" అన్నారు. ఆలోచించాం. శవం వచ్చింది. శవం వచ్చిన తరువాత పోలీసు రావాలి, పోలీసు వచ్చిన తరువాత ఆయనకు ఒక గతం ఉండాలి. తోటలోకి వెళ్ళే దారి సంగతి నాలుగో భాగం వచ్చేసరికి మాకే గుర్తు లేదు.

ఇందులో ఎవరూ దుర్మార్గులు కాదు. హాలుకు వచ్చినవాడు టికెట్టు కొన్నాడు కాబట్టి కథ మెల్లగా మొదలైనా అరగంట ఓపిక పడతాడు. చందాదారుడి బొటనవేలు ఎప్పుడూ రిమోట్ మీదే ఉంటుంది. అతడు విసుగుచెందకూడదన్న భయంతో రాసిన కథలో అతడు ఆశ్చర్యపోయే అవకాశం కూడా పోతుంది. నేను చూసినంతలో చెడిపోయేది చిత్రీకరణ కాదు, సంగీతం కాదు, కథ తీసుకునే సమయం చెడిపోతుంది. అవసరమైన చోట తొందర, అవసరం లేని చోట సాగదీత.

అందుకే 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన '90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' చూసినప్పుడు నాకు అసూయ కలిగింది. ఒక లెక్కల మాస్టారు, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు, మార్కులు, ఉప్మా. శవం లేదు. అయినా జనం చివరిదాకా చూశారు.

గోదారి_గట్టు
రాతగాడు గారూ, పంపకాల గొడవ అంటున్నారు, అదీ గోదావరి జిల్లాలో. ఇంకో రెండు భాగాలు ఓపిక పట్టి ఉంటే శవం దానంతట అదే వచ్చేది.

చందా_లెక్కలు
రాతగాడు గారిని ఒక ప్రశ్న అడుగుతాను. కోవిడ్ రోజుల్లో చిన్న సినిమాలను ఓటీటీలు ఎగబడి కొన్నాయని విన్నాం. ఇప్పుడు ఆ పరిస్థితి ఉన్నదా? సుబ్బి గారు చెప్పిన రెండు సినిమాలూ 2020, 2021 నాటివే కావడం గమనించాను.

రాతగాడు
మీరు గమనించినది సరైనదే. అప్పట్లో హాళ్ళు మూసి ఉన్నాయి, కొత్త చందాదారులు కావాలి, కాబట్టి పేరు లేని సినిమాకు కూడా ఏకమొత్తం ఇచ్చి కొన్నారు. ఇప్పుడు ముందు హాలులో విడుదల చేసి రండి, ఎలా ఆడిందో చూసి మాట్లాడుకుందాం అంటున్నారు. లేదా ఏకమొత్తం ఇవ్వము, జనం చూసిన నిమిషాలను బట్టి వాటా ఇస్తాము అంటున్నారు. నా మిత్రుడొకడు అలా ఒప్పుకున్నాడు. ఆ వాటా ఎంత వచ్చిందని అడిగితే, టీ ఖర్చులకు సరిపోయిందని, సమోసా విడిగా కొనుక్కున్నామని చెప్పాడు.

పెద్ద సినిమాల సంగతి ఇందుకు విరుద్ధం. షూటింగు పూర్తికాకముందే డిజిటల్ హక్కులు అమ్ముడవుతాయి, ఆ డబ్బు బడ్జెట్‌లో భాగమైపోతుంది. అందువల్ల ఓటీటీవాళ్ళకు కుదిరిన తేదీని బట్టి హాలు తేదీ పెట్టుకోవలసి వస్తోంది. 2024 డిసెంబరు 5న వచ్చిన 'పుష్ప 2' వంటి సినిమా 56 రోజుల దాకా ఏ ఓటీటీలోనూ రాదని ముందే ప్రకటించి, మాట నిలబెట్టుకుని జనవరి 30న వచ్చింది. ఆ మాట అనగలిగే బలం ఏడాదికి ఒకటి రెండు సినిమాలకు మించి ఉండదు.

సబ్‌టైటిల్_సుబ్బి
అయితే నేను చెప్పినదాన్ని కొంత సవరించుకుంటాను. చిన్న సినిమాకు తలుపు తెరుచుకున్న మాట నిజం, అది ఎల్లకాలం తెరిచి ఉంటుందనుకోవడం నా పొరపాటు. మా అత్తగారి విషయంలో మాత్రం వెనక్కి తగ్గను.

డాలస్_దోసకాయ
అమెరికాలో ఉన్నవారి సంగతి కూడా వినండి. 2022 మే 20న 'ఆర్‌ఆర్‌ఆర్' ఓటీటీలో వచ్చినప్పుడు హిందీ మాత్రం నెట్‌ఫ్లిక్స్‌కు, తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం జీ5కు వెళ్ళాయి. మా ఆఫీసులో అమెరికన్లందరికీ నెట్‌ఫ్లిక్స్ ఉంది, జీ5 అంటే ఏమిటో తెలియదు. వాళ్ళు చూసింది హిందీ డబ్బింగు. భోజనాల బల్ల దగ్గర ఒకాయన 'నాచో నాచో' అని పాడుతుంటే, అయ్యా అది 'నాటు నాటు' అని, అసలు భాష తెలుగు అని, దానికి వేరే చందా కట్టాలని వివరించడానికి నాకు అరగంట పట్టింది. తెలుగు సినిమా ప్రపంచమంతా చూసిన ఆ సందర్భంలో ఎక్కువమంది తెలుగు వినలేదు. ఆ ఎంపిక ప్రేక్షకుడు చేసినది కాదు, హక్కులను భాషలవారీగా కోసి అమ్మిన ఒప్పందం చేసినది.

మరో తలనొప్పి దేశాల హద్దులు. సెలవులకు హైదరాబాదు వచ్చినప్పుడు సగం చూసిన సిరీస్ డాలస్ చేరగానే మాయమవుతుంది. మిగతా సగం మా అక్క ఫోనులో కథగా చెప్పింది. హంతకుడి పేరు ముందే చెప్పేసింది.

మెతుకుసీమ_ముచ్చట
మీ అక్కగారికి నెలకు ఎంత చందా కడుతున్నారు?

డాలస్_దోసకాయ
వచ్చేటప్పుడు బాదం పప్పు, వెళ్ళేటప్పుడు మొహమాటం.

మధురవాడ_కెరటం
చందా కాకుండా చూసిన సినిమాకు మాత్రమే కట్టే పద్ధతి గురించి ఎవరూ మాట్లాడలేదు. మా విశాఖపట్నంలో 2023 జూన్‌లో ప్రభుత్వ ఇంటర్నెట్ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ వాళ్ళు 'ఫస్ట్ డే ఫస్ట్ షో' అని మొదలుపెట్టారు. కొత్త సినిమా విడుదలైన రోజే 99 రూపాయలు కడితే ఇంట్లో 24 గంటల పాటు చూడవచ్చన్నారు. ఊరి దాకా హాలు లేని పల్లెలకు మంచి ఆలోచనే, కాని పెద్ద నిర్మాతలు ఎవరు ఇస్తారు? కేరళ ప్రభుత్వం 2024 మార్చిలో సీస్పేస్ అని సొంత ఓటీటీ పెట్టి సినిమాకు 75 రూపాయలు తీసుకోవడం మొదలుపెట్టింది. అందులో ఆశయం బాగుంది, హాలు దాటిన మంచి సినిమాలను నిలబెట్టాలని.

నాకు ఈ పద్ధతే న్యాయంగా తోస్తుంది. హోటలుకు వెళ్ళి ఇడ్లీ తింటే ఇడ్లీకే బిల్లు వేస్తారు, వంటింటి నెలసరి ఖర్చు పంచరు.

చందా_లెక్కలు
మీ ఇడ్లీ పోలిక బాగుంది కాని మనవాళ్ళకు ఆ పద్ధతి గిట్టదు. 2022లో 'ఆర్‌ఆర్‌ఆర్'కు జీ5 వాళ్ళు చందా మీద అదనపు అద్దె వేయాలనుకుంటే జనం మండిపడ్డారు, వాళ్ళు వెనక్కి తగ్గారు. 'కేజీఎఫ్ 2'ను ప్రైమ్‌లో ముందుగా చూడాలంటే 199 అన్నప్పుడూ అదే గొడవ. నెలకు కట్టామంటే అన్నీ మనవే అనుకుంటాం. నెలలో రెండు సినిమాలు మించి చూడని ఇంటికి విడిగా కట్టడమే చవక అని ఎన్ని లెక్కలు వేసి చూపించినా మా ఆవిడ ఒప్పుకోదు.

కృష్ణలంక_వాసి
అందరి మాటలూ చదువుతున్నాను. ఆ అయిదో చందాను రద్దు చేయడానికి నిన్న రాత్రి కూర్చున్నాను. చేరేటప్పుడు ఒక్క మీటతో చేర్చుకున్నారు. బయటికి రావడానికి నాలుగు తెరలు, ప్రతి తెర మీదా "నిజంగానే వెళ్ళిపోతారా?" అన్న ప్రశ్న, చివర్లో ఫోను చేయండని ఒక నంబరు. ఆ నంబరులో ఇరవై నిమిషాలు పాట విన్నాను. పాట మాత్రం బాగుంది, అది ఏ సినిమాలోదో వాళ్ళకూ తెలియదు.

పటమట_పప్పుచారు
పెళ్ళికూతురును అత్తవారింటికి పంపేటప్పుడు కూడా ఇన్నిసార్లు అడగరు.

చందా_లెక్కలు
కృష్ణలంక_వాసి గారూ, దీనికి దారి ఉంది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల మోసపూరిత డిజైన్లను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. చేరడం సులువుగా, మానడం కష్టంగా చేయడం వాటిలో ఒకటి. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అంతకన్నా తొందరగా కావాలంటే బ్యాంకు వైపు నుంచి వెళ్ళండి. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఆటోపే డబ్బు తీసుకునేందుకు 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి, ఆ అనుమతిని మీరు బ్యాంకు యాప్‌లోనో యూపీఐ యాప్‌లోనో మీరే రద్దు చేసుకోవచ్చు. యాప్‌వాళ్ళ కాళ్ళు పట్టుకోవలసిన పని లేదు.

బ్యాండ్‌విడ్త్_బాబాయ్
ఇంత కష్టం ఎందుకండీ, సినిమాలన్నీ ఉచితంగా చూపే పైరసీ సైటు ఐబొమ్మ ఉండగా హాయిగా ఉండేది. దాన్ని మూయించి పేదవాడి నోటి దగ్గర కూడు లాగేశారు.

రాతగాడు
ఇది ఎవరో ఒకరు అంటారని ఎదురుచూస్తున్నాను. 2025 నవంబరులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు దానిని నడుపుతున్నాడన్న ఆరోపణతో ఒకరిని అరెస్టు చేసినప్పుడు సామాజిక మాధ్యమాల్లో ఎంతమంది సానుభూతి చూపారో చూసి నాకు మతిపోయింది. బాబాయ్ గారూ, నా మిత్రుడికి వచ్చిన టీ ఖర్చు వాటా జనం చూసిన నిమిషాలను బట్టి వచ్చింది. మీరు అక్కడ చూసిన నిమిషాలు ఆ లెక్కలోకి రావు. పెద్ద హీరో సినిమాకు దాని వల్ల గీత పడుతుంది, చిన్న సినిమాకు పీక తెగుతుంది.

బ్యాండ్‌విడ్త్_బాబాయ్
దొంగతనం మంచిదని నేను అనడం లేదు. అయిదు చందాలు ఎవరు కట్టగలరని అడుగుతున్నాను. మా అపార్టుమెంటు వాచ్‌మన్ జీతంలో ఏ యాప్‌కు చోటు ఉంది? హాలుకు వెళ్దామంటే టికెట్టు ధర, ఇంట్లో చూద్దామంటే చందా.

మెతుకుసీమ_ముచ్చట
ఈ ప్రశ్న కొట్టివేయదగినది కాదు. 2020 ఉగాదికి ఆహా వచ్చినప్పుడు ఏడాదికి 365, అంటే రోజుకు రూపాయి అన్నారు. ఆ లెక్క అందరికీ అర్థమైంది, మా ఊళ్ళో బడి పంతులు నుంచి కిరాణా కొట్టు సేటు దాకా కట్టారు. 2023లో ఐపీఎల్ జియోసినిమాలో ఉచితంగా చూశాం. 2025 ఫిబ్రవరి 14న అది హాట్‌స్టార్‌తో కలిసిపోయి ఒకే యాప్ అయింది. పోటీ ఉన్నన్నాళ్ళు ఉచితం, పోటీదారులు ఒకటైన తరువాత రేటు. బాబాయ్ గారి వాచ్‌మన్‌కు కావలసింది ఎంపికలు పెరగడం కాదు, కట్టగలిగే ధరలో ఒక్కటి ఉండటం.

ప్రొజెక్టర్_గది
దానికే మా హాలులో నేల టికెట్టు ఉండేది.

సబ్‌టైటిల్_సుబ్బి
ఈసారి మీతో ఏకీభవిస్తున్నాను.

మధురవాడ_కెరటం
ఒక విషయంలో మాత్రం ఓటీటీలకు నమస్కారం పెట్టాలి, రీమేకులు తగ్గాయి. 2022లో 'గాడ్‌ఫాదర్' వచ్చేసరికి దాని మలయాళ మూలం తెలుగు డబ్బింగుతో సహా జనం చూసి కూర్చున్నారు. హాలులో నా పక్కన కూర్చున్నాయన ప్రతి సన్నివేశానికి ముందే, "ఇప్పుడు చూడండి" అంటూ నాకు చెప్పాడు. పొరుగు భాష సినిమా రహస్యంగా కొని తెచ్చి కొత్తదని చూపించే కాలం పోయింది. దానితో మన రచయితలు సొంతంగా ఆలోచించక తప్పడం లేదు.

రాతగాడు
ఆ ఆలోచనలోనే తోటలో శవం పుట్టింది.

గోదారి_గట్టు
మా ఇంట్లో ఈ నెల నుంచి కొత్త పద్ధతి పెట్టాం. ఒక నెలకు ఒక్కటే చందా. ఆ నెలలో అందులో చూడదలచుకున్నవి చూసేసి మానేయడం, వచ్చే నెల మరొకటి. ఏడాది ప్యాకేజీ ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదని తీర్మానం. మా అబ్బాయి మాత్రం ప్రపంచకప్ నెల తనదని ముందే రాసుకున్నాడు. ఇంట్లో వాదన ఏ నెల ఎవరిదన్న దాని మీద నడుస్తోంది, పాత రోజుల్లో రిమోట్ కోసం కొట్టుకున్నట్లే ఉంది.

కృష్ణలంక_వాసి
చందా_లెక్కలు గారు చెప్పినట్లు యూపీఐ యాప్‌లో చూస్తే ఆ అయిదో చందా అనుమతి కనిపించింది, రద్దు చేశాను. తీసుకున్నది ఎవరో కూడా తేలింది. నేనే. రెండేళ్ళ క్రితం ఒక పండగ రాత్రి ఉచిత నెల అని నొక్కాను.

నాన్నగారి సినిమా సంగతి కూడా చెబుతాను. యూట్యూబులో ఎవరో పెట్టినది దొరికింది కాని ముఖాలు సాగిపోయి, పాటలన్నీ కోసేసి ఉన్నాయి. అయిదు నిమిషాలు చూసి, "ఇది కాదురా" అన్నారు. నిన్న మా మేనమామ గారి అటక దులిపితే ఆ సినిమా వీసీడీ బయటపడింది. అట్టపెట్టెలో రెండో డిస్కు మాత్రమే ఉంది. మొదటి సగం కథ తాను చెబుతానని, రెండో సగం అందరం చూద్దామని నాన్నగారు ఉత్సాహపడుతున్నారు. ఇబ్బందల్లా ఒకటే, వీసీడీ ప్లేయరు ఇప్పుడు బెజవాడలో ఎక్కడ దొరుకుతుంది?

ప్రొజెక్టర్_గది
మా ఇంట్లో ఒకటి ఉంది, మూత తెరుచుకోవడానికి పిన్నీసు కావాలి. రిమోట్ లేదు. దాని ఎరుపు, తెలుపు, పసుపు తీగలు మీ కొత్త టీవీకి పట్టవు, కాబట్టి మధ్యలో పెట్టే కన్వర్టరు ఒకటి బీసెంట్ రోడ్డులో కొనుక్కోండి. నేను ఆదివారం పెళ్ళి పని మీద బెజవాడ వస్తున్నాను, అప్పుడు తెచ్చి ఇస్తాను. చందా అక్కర్లేదు, తిరిగి ఇస్తే చాలు.